ఈ అమ్మాయిని ఎవరు కాపాడతారు?

పోయిన వేసవి దాకా ప్రతి ఏడూ ఊరంతా చూస్తుండగా చచ్చేవాణ్ణి. నన్ను చంపడానికి జనం టికెట్టు కొనుక్కుని, పాప్‌కార్న్ పొట్లాలు పట్టుకుని, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ వచ్చేవారు. చచ్చేదాకా తిట్టిపోసేవారు, చచ్చాక చప్పట్లు కొట్టేవారు. గోధుమ కోతలయ్యాక మా టర్ల్‌టన్‌లో ఇంతకు మించిన సంబరం లేదు. కాన్సస్‌లో మాలాంటి చిన్న ఊరికి ఇంకేం ఉంటుంది?

నాటకం మా ఆవిడ రొవీనా వాళ్ళ అమ్మమ్మ రాసింది. పూర్వం మా ఊరి బ్యాంకును దొంగలు దోచుకోబోయిన కథ. బైబిల్లో మాటనైనా మా పాస్టరు కాస్త అటూ ఇటూ చేసి చెబుతాడు గానీ, అమ్మమ్మ రాసినదాంట్లో ఒక్క అక్షరం కదపడానికి రొవీనా ఒప్పుకోదు. నాటక సంఘానికి పెద్ద ఆవిడే మరి. నేను ట్రాక్టర్లూ కోత యంత్రాలూ బాగుచేసుకునేవాణ్ణి. నా గొంతు మోటుగా ఉంటుందని పెళ్ళయిన ఏడాదే నన్ను విలన్‌ని చేసేసింది.

చివరి ఘట్టం కోసమే జనం వచ్చేది. దొంగ సైలస్, అంటే నేను, బ్యాంకు యజమాని కూతురి మెడ చుట్టూ చెయ్యి వేసి, కణతకు పిస్టల్ ఆనించి వెనక్కి వెనక్కి నడుస్తాను. షెరీఫ్ తుపాకీలో గుళ్ళు అయిపోయి ఉంటాయి. ఆయన జనం వైపు తిరిగి, "ఈ అమ్మాయిని ఎవరు కాపాడతారు?" అని గట్టిగా అడుగుతాడు. అంతే, జనమంతా ఒక్కసారిగా లేచి "మేమే!" అని అరుస్తారు. వేళ్ళు చాపి "ఢాం! ఢాం!" అంటూ నన్ను కాల్చేస్తారు. పిల్లలే కాదు, మనవలున్న వాళ్ళూ కాలుస్తారు. అన్ని వేళ్ళ దెబ్బకి నేను కుప్పకూలతాను.

బ్యాంకు యజమాని కూతురుగా వేసేది మా అమ్మాయి టెస్సా.

గొడవ జూన్‌లో ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైంది. మొదలెట్టింది రొవీనా తమ్ముడు గార్లన్. పశువుల దాణా కొట్టు నడుపుతాడు. నడుముకి ఒర, ఒరలో పిస్టల్ లేకుండా అతన్ని చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువ.

"అక్కా, పార్కు గేటు దగ్గర ఆ బోర్డు తీయించెయ్యవే," అన్నాడు, కోడి కాలు చేతిలో పట్టుకునే.

"ఏ బోర్డు?"

"తెలీనట్టు అడక్కు. తుపాకులు లోపలికి తేకూడదని రాయించావుగా, అది."

"తీయను. పిల్లలొచ్చే చోటు. నీకది వదిలి ఉండటం అంత కష్టమైతే ట్రక్కులో పెట్టి తాళం వేసుకో."

"చర్చికి పెట్టుకెళ్తాను, పాస్టరు ఏమనడు. బ్యాంకుకి పెట్టుకెళ్తాను, వాళ్ళూ ఏమనరు. సొంత అక్క నాటకానికి మాత్రం పెట్టుకెళ్ళకూడదా?"

"నాటకంలో బ్యాంకు దోచేది మీ బావేగా. ఆయనకి భయపడా నీకు తుపాకీ?"

"నాన్నకి మన పిల్లి కూడా భయపడదు," అంది టెస్సా. ముగ్గురం నవ్వాం. గార్లన్ నవ్వలేదు.

"వేళాకోళం కాదు. ఆ పార్కు ఎవరిది? ఊరిది. అంటే నాది కూడా. నా చోటులోకి నన్ను ఇలా రా, అలా రా అనడానికి మీ సంఘం ఎవరు?"

"వేసవికి మేం లీజుకి తీసుకున్నాం కదయ్యా," అన్నాను. "నీ కొట్టు వెనకాల షెడ్డు ఓ ముసలాయనకి అద్దెకిచ్చావు. ఆయన తలుపుకి గొళ్ళెం పెట్టుకోకూడదంటావా?"

"పెట్టుకోవచ్చు బావా. షెడ్డు నాది, గొళ్ళెం పెట్టుకునే హక్కు నాకుంది, అది ఆయనకిచ్చాను. కానీ తుపాకీ తేవద్దనే హక్కు అసలు ఊరికి కూడా లేదు, చట్టంలో రాసుంది. తనకే లేనిది ఊరు మీకెలా అద్దెకిస్తుంది?"

గార్లన్‌తో వచ్చిన చిక్కే అది. మూర్ఖుడైతే తిట్టి ఊరుకోవచ్చు. ఆలోచించి మాట్లాడతాడు, మాట తప్పడు, ఎవరి ట్రక్కు బురదలో దిగబడినా వెళ్ళి లాగుతాడు. తుపాకీ విషయంలో అతనంత జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు. టెస్సాకి చిన్నప్పుడు కాల్చడం నేర్పింది అతనే. "ఖాళీగా ఉన్నా నిండుగా ఉందనే అనుకోవాలి. కాల్చాలని లేనిదాని వైపు గురిపెట్టకూడదు" అని దానిచేత వల్లె వేయించాడు. నాటకంలో వాడే ఉత్తుత్తి తుపాకుల్ని తెర వెనక ఒక్కొక్కటే విప్పి చూసి, అందరికీ చూపించి, "ఖాళీ" అని మా చేతికిచ్చేదీ అతనే. నేనూ ఏదో సన్యాసినేం కాదు, నా ఇంట్లోనూ జింకల వేటకి తుపాకులున్నాయి. అందుకే నాకు మరీ విసుగు. ఇద్దరం ఒకే గూటి పక్షులమై ఉండి ఒక చెక్కముక్క గురించి కొట్టుకోవడమేమిటి?

గార్లన్ ఊరి కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టాడు. ఊరి వకీలు పుస్తకాలు తిరగేసి గార్లన్ అన్నదే అన్నాడు. పక్క రాష్ట్రంలో ఇలాంటి కేసే నడుస్తోందనీ, అది తేలేదాకా మనకెందుకొచ్చిన తంటా అనీ సలహా ఇచ్చాడు. మేయర్ వెండెల్ గారు ఎవరినీ నొప్పించని మనిషి. బోర్డు తీయించేశాడు. ఇంటికొచ్చి రొవీనా గిన్నెలన్నీ చప్పుడయ్యేట్టు కడిగింది. తమ్ముడి మీద కోపం నా మీదే తీరాలి కదా, "నువ్వు గట్టిగా ఒక్క మాటంటే ఏం పోయింది?" అని నన్ను ఉతికి ఆరేసింది.

మొదటి ఆట శనివారం. ఎండ ఇంకా వాలలేదు. పంట బాగా పండిన ఏడు కావడంతో జనం విరగబడి వచ్చారు. తెర వెనక గార్లన్ ఎప్పటిలాగే నా పిస్టల్ విప్పి చూసి, "ఖాళీ" అని అందరికీ చూపించి నా చేతికిచ్చాడు. అతని సొంతది నడుముకే ఉంది.

"బాగా చావు బావా," అని భుజం తట్టి, వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాడు.

నేనా రోజు బాగా చేశానని నాకే తెలుస్తోంది. బూతులు తిట్టకూడని ముసలమ్మలు కూడా నోరు జారారు. పాప్‌కార్న్ నా టోపీ నిండా పడింది. చివరి ఘట్టంలో టెస్సా అరిచిన అరుపుకి ఎవరో పసివాడు నిజంగానే ఏడుపు అందుకున్నాడు. షెరీఫ్ వేషం వేసేది మా పోస్ట్‌మన్ లైల్. జనం వైపు తిరిగి అడిగాడు.

"ఈ అమ్మాయిని ఎవరు కాపాడతారు?"

"మేమే!"

అందరూ లేచారు. వందలాది చేతులు మా వైపు చాచి ఉన్నాయి. అన్ని వేళ్ళ మధ్య ఒకటి వేలు కాదు.

నేను పడాల్సిన క్షణంలో పడలేదు. టెస్సా కూడా చూసింది. నా చేతి కింద దాని మెడ బిగుసుకుపోవడం తెలిసింది. గార్లన్ రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు, అతను నేర్పేటప్పుడు ఎలా పట్టుకోమంటాడో సరిగ్గా అలా. తర్వాత కిందికి చూసుకున్నాడు. మెల్లగా ఒరలో పెట్టుకున్నాడు. నేను పడ్డాను. చప్పట్లు మోగిపోయాయి. ఎప్పుడూ ఉండేదానికన్నా ఎక్కువసేపు మోగాయి.

ఇంటికి వస్తుంటే ట్రక్కులో టెస్సా నాతో ఒకటే అంది.

"మావయ్య నవ్వట్లేదు నాన్నా. ఆటకి తీస్తే మొహంలో నవ్వుండాలిగా."

"ఉండాలి."

"వచ్చే శనివారం నేను వెయ్యను."

రొవీనా ముందు నమ్మలేదు. తర్వాత నమ్మదల్చుకోలేదు. "అన్ని వందల మందిలో మీ ఇద్దరికే కనిపించిందా? వాడు చెయ్యి చాపి ఉంటాడు, నువ్వు భయపడి ఉంటావు. బోర్డు తీసేశారని నీకు కడుపుమంట," అంది.

"కడుపుమంట నీకు కాదూ?"

"నాకు వాడి మీద కోపం. కోపం వేరు, వాడి మీద ఇలాంటి మాట అనడం వేరు. తుపాకీని మనిషి వైపు తిప్పినందుకు మా నాన్నతోనే పోట్లాడినవాడు వాడు."

టెస్సా మర్నాడే సంచి సర్దుకుని విచిటాలో ఉన్న స్నేహితురాలి ఇంటికి వెళ్ళిపోయింది. ఆడటానికి పిల్ల లేదు, అడగడానికి ధైర్యం నాకు లేదు. తండ్రిని, ఏమని అడగను? నేను పట్టుకుంటాను, నువ్వు నిలబడు అనా?

సోమవారం గార్లన్ కొట్టుకి వెళ్ళాను. దాణా బస్తాలు మోస్తున్నాడు. నన్ను చూసి బస్తా దించి దాని మీదే కూర్చున్నాడు.

"ఎందుకు తీశావ్?" అన్నాను.

"తీయలేదు బావా," అన్నాడు. "అదే వచ్చింది. లైల్ అడిగాడు. అందరూ లేచారు. నేనూ లేచాను. చిన్నప్పట్నించీ ఆ మాటకి లేస్తూనే ఉన్నాను కదా. చెయ్యి వెళ్ళింది. నీ చేతిలోది ఉత్తిదని నాకు తెలీదా? నేనే చూసి ఇచ్చాను. తెలిసే వెళ్ళింది."

"వేలు ఎక్కడుంది? ట్రిగ్గర్ మీదా?"

"అడక్కు."

"గార్లన్, నా పిల్ల ఉందక్కడ."

"దానికోసమే వెళ్ళింది!" అని అరిచాడు. అరిచి, తన మాట తనకే వినపడినట్టు తల పట్టుకున్నాడు.

నాకు కొట్టాలనీ అనిపించింది, పక్కన కూర్చోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. "రేపు కౌన్సిల్‌లో బోర్డు మళ్ళీ పెట్టమని నువ్వే అడుగు," అన్నాను.

"అది అడగలేను. తప్పు నాది, నా ఒక్కడిది. నా చెయ్యి జారిందని ఊరందరి చేతులూ కట్టేస్తారా? నేను ట్రక్కు గుద్దితే నీ లైసెన్సు లాక్కుంటారా?"

"నీ చెయ్యే జారితే ఇంకెవరి చెయ్యి జారదు చెప్పు? ఊళ్ళో నీకన్నా జాగ్రత్తగా ఉండేవాడెవడు?"

జవాబు లేకపోయినా మనసు మారదు కొందరికి. బస్తా ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మంగళవారం కౌన్సిల్ గదిలో నేనే లేచాను. నటించడం వేరు, మాట్లాడటం వేరు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. శనివారం ఆటలో ఒకాయన నిజం తుపాకీ తీసి మా అమ్మాయి వైపు, నా వైపు గురిపెట్టాడని చెప్పాను. పేరు చెప్పలేదు. గదంతా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"ఎవరండీ?" అన్నాడు మేయర్ వెండెల్.

"వర్లిన్, కూర్చో," అంది రొవీనా పళ్ళ బిగువున. "లేనిపోనివి చెప్పకు."

వెనక బెంచీ చప్పుడైంది. గార్లన్ లేచి నిలబడ్డాడు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"బావ చెప్పింది నిజం. తీసింది నేను," అన్నాడు.

రొవీనా వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె మెడ మీద ఎరుపు పైకి పాకడం మాత్రం చూశాను. ఇప్పుడైనా, అనుకున్నాను. దొంగే ఒప్పుకున్నాక ఇంకేం కావాలి? ఇప్పుడైనా ఎవరో ఒకరు ఔనంటారు.

కిటికీ పక్కనుంచి ఎవరో, "అంటే వర్లిన్ అంత బాగా చేశాడన్నమాట!" అన్నారు.

గది గొల్లుమంది. అంతసేపూ ఊపిరి బిగబట్టుకున్నవాళ్ళకి నవ్వడానికి దారి దొరికింది. మేయర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. వకీలు కూడా నవ్వి, ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి, గార్లన్ గారు పెద్దమనసుతో ఒప్పుకున్నారు కాబట్టి, స్థలం ఊరిదే కాబట్టి, అన్నాడు. కాబట్టి అన్న మాట అన్నిసార్లు విన్నాక మనిషికి ఒళ్ళు మండుతుంది. బోర్డు సంగతి వదిలేసి ఈత కొలనుకి రంగు వేయించడం గురించి మాట్లాడటం మొదలెట్టారు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. ఎవరో చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టారు.

ఆ రాత్రి రొవీనా నన్ను క్షమించమని అడగలేదు, అడగదు కూడా. "టెస్సా రాకపోతే నేనే వేస్తాను," అంది దీపం ఆర్పుతూ.

"పిచ్చా నీకు? ఆట ఆపేద్దాం."

"అమ్మమ్మ నాటకం ఆగదు. ఆ దెయ్యాన్ని వాడు పుట్టిన దగ్గర్నుంచీ ఎరుగుదును, వాడికి బెదిరి ఇంట్లో కూర్చోనా?"

"కనీసం ఆ మాట తీసెయ్యి. లైల్ అడగడం."

"అది తీసేస్తే నాటకమే లేదు."

శనివారం రొవీనా కూతురి గౌను వదులు చేయించుకుని, తల మీద లేసు టోపీ కట్టుకుని వేదికెక్కింది. జనం ఈలలు వేశారు. యాభై దాటిన బ్యాంకు యజమాని కూతురంటే ఎవరికి నవ్వు రాదు? ఆమె ఆ నవ్వును అక్కడే తుంచేసింది. ఇంకో రెండు మాటలు పలికేసరికి అందరూ ఆమె వెంటే ఉన్నారు. నా పెళ్ళాం అంత బాగా చెయ్యగలదని నాకు అన్నేళ్ళుగా తెలియదు.

ఆట మొదలవడానికి ముందు గార్లన్ తెర వెనక్కి వచ్చి, నాటకం తుపాకులు విప్పి చూపించి, తర్వాత తన చొక్కా అంచు ఎత్తి చూపించాడు. నడుము ఖాళీ.

"ట్రక్కులో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు సంతోషమేనా బావా?"

సంతోషమే అన్నాను. అతను చెయ్యగలిగింది అతను చేశాడు. ఆ మాటకొస్తే అంత మందిలో చేసింది అతనొక్కడే.

చివరి ఘట్టం వచ్చింది. రొవీనా మెడ చుట్టూ చెయ్యి వేసి, పిస్టల్ ఆనించి వెనక్కి నడిచాను. జనం అప్పుడే సగం లేచి ఉన్నారు, ఆ మాట కోసం కాచుకుని. అందరూ నాకు తెలిసినవాళ్ళే. వాళ్ళ ట్రాక్టర్ల గుండెకాయలు నా చేతుల్లో ఉండి వచ్చాయి. ఎండగా ఉన్నా కొందరు పైన కోటు వేసుకున్నారు. కొందరి చొక్కాలు బయటికి వదిలి ఉన్నాయి. నేను ముఖాలు చూడటం మానేసి నడుములు చూస్తున్నానని అప్పుడు తెలిసింది. గార్లన్‌ది నాకు తెలిసిన తుపాకీ. తెలిసింది అదొక్కటే.

లైల్ జనం వైపు తిరిగాడు. నోరు తెరిచాడు.

నేను రొవీనాని వదిలేశాను.

పిస్టల్ కింద పెట్టి, చేతులు రెండూ పక్కకి దించి నిలబడ్డాను. లైల్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. జనం చాచబోయిన చేతులతో ఆగిపోయారు. ఎవరో, "పట్టుకోవయ్యా, సైలస్!" అని అరిచారు.

"పట్టుకో," అంది రొవీనా పెదవులు కదపకుండా. "వర్లిన్, నన్ను పట్టుకో."

"పట్టుకుంటే వాళ్ళు నిన్ను కాపాడతారు," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత మొదటిసారి జనం వైపు, ముఖాల వైపు కాదు, కింద నడుముల వైపు చూసింది. తలకు కట్టుకున్న లేసు టోపీ ముడి విప్పింది. నా మోచెయ్యి పట్టుకుని, నెమ్మదిగా, ముసలివాళ్ళని రోడ్డు దాటించేట్టు, వేదిక మీంచి దించింది. వెనకనుంచి పాప్‌కార్న్ మా ఇద్దరి వీపుల మీదా పడుతూనే ఉంది.

ఆ నాటకం మళ్ళీ ఆడలేదు. నేను డైలాగు మర్చిపోయానని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.